13, 29: తంతి మీద నడిచిన చదరంగం

(చదరంగం నేర్చుకుంటున్న పిల్లలూ, వాళ్ళ పెద్దవాళ్ళూ వచ్చిన ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి రండి, ముందు చాపల మీద చోటుంది. పిల్లలూ, కొంచెం సర్దుకోండమ్మా. బల్ల మీద ఈ ఇత్తడి పరికరం ఏమిటని ఇందాకటి నుంచి అడుగుతున్నారు. దాని దగ్గరికి చివర్లో వస్తాను. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు, దాని స్ప్రింగు సున్నితం.

నేను తంతి శాఖలో 31 ఏళ్ళు పనిచేశాను. టెలిగ్రాఫిస్టుని. ఈ పిల్లలకి తంతి అంటే తెలియదు. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం ఆపేశారు. మీ తాతయ్యల్ని, అమ్మమ్మల్ని అడగండి. ఇంటి ముందు సైకిలు ఆగి ‘టెలిగ్రాం’ అని కేక వినపడితే చాలు, కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. తంతి వచ్చిందంటే చావు కబురే అన్న భయం. నా చేతుల మీదుగా అలాంటి కబుర్లు ఎన్ని వెళ్ళాయో నాకే లెక్క లేదు. అందుకే, అదే తీగ మీద మనుషులు చదరంగం ఆడుకున్నారని మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అప్పటి నుంచి ఆ సంగతులు ఒక్కొక్కటే పోగేసుకుంటూ వచ్చాను.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. వేరే ఊళ్ళో ఉన్న మనిషితో చదరంగం ఆడాలంటే ఏం కావాలి? చెప్పండి. ఫోన్ కావాలి, నెట్ కావాలి అంటున్నారు. సరే, అవి లేని రోజులు అనుకోండి. పేకాట అయితే ముక్కలు పంచాలి, ఎదుటివాడి చేతిలో ఏముందో తెలియకూడదు. దూరం నుంచి కుదరదు. కబడ్డీ సంగతి అడగనే అక్కర్లేదు. మరి చదరంగం? మీ ఇంట్లో ఒక బల్ల, వాళ్ళింట్లో ఒక బల్ల. రెండింటి మీదా పావులు ఒకేలా పేర్చి ఉన్నాయి. దాపరికం ఏమీ లేదు. నేను ఒక పావు జరిపితే, ఏ పావు ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో నీకు తెలిస్తే చాలు. నువ్వు నీ బల్ల మీద అదే జరుపుతావు. మళ్ళీ రెండు బల్లలూ ఒక్కటే.

అంటే దారిలో వెళ్ళాల్సింది ఆట కాదు. ఆట రెండు చోట్లా ముందే ఉంది. వెళ్ళాల్సింది రెండు అంకెలు. రెండే రెండు అంకెలు!

ఎలాగో చూడండి. బల్ల మీద 64 గళ్ళు. తెల్ల పావులవాడికి ఎడమ చేతి మూల గడి 1 అనుకుందాం. ఆ వరస చివర 8. పై వరస 9 నుంచి 16. అలా పైదాకా వెళితే చివరి గడి 64. ఇప్పుడు తెల్ల రాజు ముందున్న బంటు ఏ గడిలో ఉంది? లెక్కపెట్టు బాబూ. 13. బాగా చెప్పావు. దాన్ని రెండు గళ్ళు ముందుకు తోస్తే? 29. అయితే నేను పంపాల్సింది ‘13, 29’. అంతే. మీరంతా ఈ-4 అంటారే, ఆ ఎత్తు.

ఈ 13, 29 గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

తంతి రాకముందు ఇదే పని ఉత్తరాలతో చేశారు. 1824లో ఎడింబరో క్లబ్బూ, లండన్ క్లబ్బూ ఉత్తరాల మీద ఆట మొదలుపెట్టాయి. గుర్రపు బండి తపాలాలో ఉత్తరం చేరడానికి రెండు మూడు రోజులు. ఐదు ఆటలు పూర్తి కావడానికి 1828 వచ్చింది. నాలుగేళ్ళు! ఎడింబరో రెండు గెలిచింది, లండన్ ఒకటి, రెండు సమానం. మీకు మాస్టారు ‘స్కాచ్ గేమ్’ అని ఆట మొదలుపెట్టే ఒక పద్ధతి నేర్పించారు కదా? ఆ పేరు ఈ ఉత్తరాల ఆట వల్లే వచ్చింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఆ ఎడింబరో ఆట ముగిసిన ఏడాదే, 1828లో, ఇంకో రెండు ఊళ్ళ మధ్య ఉత్తరాల చదరంగం మొదలైంది. ఏ ఊళ్ళో ఊహించగలరా? మద్రాసు, హైదరాబాదు. అవును, మన హైదరాబాదే! రెండు ఆటలు ఆడారు, 1829 దాకా సాగాయి. రెండూ మద్రాసు గెలిచింది. మద్రాసు తరఫున ఆట నడిపించిన మనిషి పేరు గులాం కాసిం. ఆయనా, మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న జేమ్స్ కాక్రేన్ అనే ఆయనా కలిసి 1829లో మద్రాసులోనే ఒక పుస్తకం అచ్చువేశారు. ముజియో గాంబిట్ మీద విశ్లేషణ, దానితోపాటు ఈ మద్రాసు–హైదరాబాదు ఆటలు. గాంబిట్ అంటే ఆట మొదట్లో పావుని ఎర వేసే ఎత్తుగడ. ఆ గాంబిట్‌లో ఒక దారికి ఇవాళ్టికీ ప్రపంచమంతా ‘గులాం కాసిం గాంబిట్’ అనే అంటారు. గుర్రం మీదికి బంటు వచ్చి కూర్చున్నా, గుర్రాన్ని పక్కకి తప్పించకుండా మధ్యలో ఇంకో బంటుని ముందుకు తోసేస్తారు. తెగింపు ఉన్న ఆట.

నేను ఈ సంగతి చెబితే చాలామంది నమ్మరు. 1828 అంటే ఏమిటండీ? రైలు లేదు. తంతి లేదు. తపాలా బిళ్ళ కూడా పుట్టలేదు, అది 1840లో ఇంగ్లండులో వచ్చింది. మన దారుల్లో తపాలా అంటే సంచీ భుజాన వేసుకుని పరుగెత్తే మనిషి. ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి, అక్కడ ఇంకో మనిషి అందుకుంటాడు. కృష్ణ దాటాలి, పెన్న దాటాలి, వానాకాలం వస్తే ఆ నదుల పొంగు చూడాలి. ఆ సంచుల్లో వ్యాపారాల కాగితాలు, దొరల ఉత్తర్వులు, వాటి మధ్య ఎక్కడో ఒక మడతలో ‘గుర్రాన్ని ఇక్కడికి జరిపాము’ అని ఒక్క వాక్యం. ఆ పరుగెత్తినవాళ్ళలో ఒక్కరికైనా తాము మోస్తున్నదేమిటో తెలిసి ఉంటుందా? తెలిసి ఉండదు. నా 31 ఏళ్ళలో నాకూ అలాగే అనిపించేది. మోసేవాడికి కబురు తెలియదు. అందుకే ఆ పేరు తెలియని మనుషుల్ని ఒక్క క్షణం తలుచుకోవాలని నాకుంటుంది.

ప్యారిస్‌కీ, హంగరీలోని పెస్ట్ నగరానికీ 1842 నుంచి ఉత్తరాల మీద రెండు ఆటలు జరిగాయి. పెస్ట్ రెండూ గెలిచింది. నల్లవాడు ఆట మొదలుపెట్టే ఒక పద్ధతికి హంగేరియన్ డిఫెన్స్ అనే పేరు అక్కడిదే. దాని గురించి ఇంతే చెబుతాను, ఎందుకంటే ఆ ఉత్తరాలు ఇంకా నడుస్తుండగానే అట్లాంటిక్ అవతల వేరే పని మొదలైంది.

1844 మే 24. అమెరికాలో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి తీగ మీద మొదటి కబురు పంపాడు. దాదాపు 40 మైళ్ళ దూరం. ఆ తీగ వేయడానికి అమెరికన్ కాంగ్రెస్ ముందటి ఏడాది 30,000 డాలర్లు ఇచ్చింది. తీగ వేశారు, పనిచేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత? తర్వాత పెద్దగా వాడేవాళ్ళు లేరు. వింతగా చూసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. ఈ చివర్న ఆల్ఫ్రెడ్ వెయిల్, ఆ చివర్న హెన్రీ రోజర్స్. ఆ ఏడాది చివర్లో ఆ తీగ మీద వాషింగ్టన్ వాళ్ళూ, బాల్టిమోర్ వాళ్ళూ చదరంగం ఆడారు. ఎలా ఆడారు? మనం ఇప్పుడు చేసినట్టే. గళ్ళకి 1 నుంచి 64 దాకా అంకెలు వేసుకుని.

ఏడు ఆటలు. మొత్తం 686 ఎత్తులు వెళ్ళాయి. ఒక్క తప్పు కూడా లేకుండా వెళ్ళాయని ఆ మనుషులు రాసిపెట్టుకున్నారు.

ఇది సరదా కోసం చేసిన పనేనని పుస్తకాల్లో ఒక వాక్యంలో దాటేస్తారు. నేను ఒప్పుకోను. టెలిగ్రాఫిస్టుగా చెబుతున్నాను, ఒప్పుకోను. కాస్త ఆలోచించండి. నేను తీగ మీద ‘నాన్నకి ఒంట్లో బాగాలేదు వెంటనే రా’ అని కొట్టాననుకోండి. మధ్యలో ఒక అక్షరం పోయినా చదివేవాడు అర్థం చేసుకుంటాడు. భాష ఆ తప్పుని సర్దేస్తుంది. అంకెలకి ఆ సాయం లేదు. 13 అంటే 13, 14 అంటే 14. అదీగాక చదరంగంలో ప్రతి ఎత్తూ అంతకుముందు ఎత్తు మీద నిలబడుతుంది. నలభయ్యో ఎత్తు దగ్గర రెండు బల్లలూ సరిపోయాయంటే దాని అర్థం ఏమిటి? ముందు 39 సార్లూ ఏ తప్పూ జరగలేదని. తీగ నమ్మదగ్గదా కాదా అని తేల్చడానికి దీన్ని మించిన పరీక్ష నాకు తోచదు.

ఇంకో విషయం, ఇది పిల్లలు జాగ్రత్తగా వినాలి. 13, 29 కొట్టాను. అవతలివాడు పొరపాటున 13, 28 అని విన్నాడు. ఏమవుతుంది? చెప్పమ్మా. కరెక్ట్. బంటు అలా ఏటవాలుగా ఖాళీ గడిలోకి వెళ్ళదు. చెల్లని ఎత్తు. వెంటనే ‘మళ్ళీ పంపండి’ అంటాడు. అంటే ఆట నియమాలే కాపలా కాస్తున్నాయి. కానీ ఎప్పుడూ కాయవు. మొదట్లో రాజు వైపు గుర్రం ఏ గడిలో ఉంది? 7. అది ముందుకి 22కి వెళ్ళచ్చు, అంచున 24కీ వెళ్ళచ్చు. నేను 7, 22 అని కొడితే అవతల 7, 24 అని రాసుకున్నారు. చెల్లే ఎత్తే కదా! ఎవరికీ అనుమానం రాదు. నా బల్ల మీద గుర్రం ఒక చోట, వాళ్ళ బల్ల మీద ఇంకో చోట. ఇద్దరం ఒకే ఆట ఆడుతున్నాం అనుకుంటూ వేరు వేరు ఆటలు ఆడుతుంటాం. ఎప్పటికో ఎక్కడో ఒక ఎత్తు అసాధ్యంగా కనిపించి అప్పుడు బయటపడుతుంది. అలాంటిది 686 సార్లలో ఒక్కసారీ జరగలేదు. ఆ వెయిల్‌కీ, ఆ రోజర్స్‌కీ నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఇంత చేసినా మోర్స్ ఆ తీగని ప్రభుత్వానికి లక్ష డాలర్లకి ఇస్తానంటే వాళ్ళు తీసుకోలేదు. అది వేరే కథ.

తర్వాతి ఏడాది, 1845 ఏప్రిల్. ఇంగ్లండు. అక్కడ తంతి రైలు పట్టాల వెంట పెరిగింది. కుక్, వీట్‌స్టన్ అనే ఇద్దరు చేసిన యంత్రం. మోర్స్‌లాగా టకటక కాదు, సూదులు అటూ ఇటూ ఊగుతాయి, వాటి ఊపుని బట్టి అక్షరం. అందులో కొన్ని అక్షరాలు లేవు. ఇంగ్లీషు క్యూ అక్షరం కూడా లేదు. ఆ ఏడాది జనవరి 1న స్లౌ అనే ఊళ్ళో ఒక హత్య చేసి టావెల్ అనేవాడు రైలెక్కి పారిపోయాడు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ దుస్తుల్లో ఉన్నాడని లండన్‌లో పాడింగ్టన్ స్టేషన్‌కి తంతి కొట్టాలి. క్యూ లేదే! కే, డబ్ల్యూ పెట్టి కొట్టారు. మొదట అవతలివాళ్ళకి ఆ మాట అర్థం కాలేదు, అర్థమయ్యాక మనిషి దొరికాడు. మార్చిలో ఉరి తీశారు. దేశమంతా ఈ తంతి గురించే మాట్లాడుకుంటున్న రోజులు అవి.

సరిగ్గా ఆ తర్వాతి నెలలో హోవర్డ్ స్టాంటన్, కెప్టెన్ కెన్నెడీ రైలెక్కి పోర్ట్స్‌మత్ పక్కనున్న గాస్పోర్ట్‌కి వెళ్ళారు. అవతల లండన్ చివర్న హెన్రీ థామస్ బకుల్, జార్జ్ వాకర్, ఇంకా కొందరు. మధ్యలో దాదాపు 90 మైళ్ళ తీగ. రెండు ఆటలు ఆడారు. స్టాంటన్ ఎవరో తెలుసా? మీ చేతుల్లో ఉన్న పావుల నమూనాకి ఆయన పేరే. 1849లో ఆ నమూనా అమ్మకానికి వచ్చింది. ప్రపంచంలో ఏ పోటీకి వెళ్ళినా ఆ ఆకారమే. ఇక బకుల్ తర్వాత ఇంగ్లండు నాగరికత చరిత్ర రాసిన పెద్ద చరిత్రకారుడు. తంతి కొత్తగా వచ్చినప్పుడు దాని చివర్న కూర్చుని గంటల తరబడి ఆడింది ఇలాంటి మనుషులు.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. ఎందుకంటే ఇక్కడి నుంచి కథంతా డబ్బుతోనే నడుస్తుంది.

రైలు పట్టాల వెంట తీగ వేయడం ఒక ఎత్తు, సముద్రం అడుగున వేయడం ఇంకో ఎత్తు. అట్లాంటిక్ కింద 1858లో వేసిన కేబుల్ కొన్ని వారాలకే చచ్చిపోయింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల కబురు చేరడానికి దాని మీద 16 గంటలు పట్టింది! 1866లో మళ్ళీ వేశారు, అది నిలిచింది. మొదట్లో ధర ఎంతో తెలుసా? 20 మాటలకి 20 పౌన్లు. మాటకి ఒక పౌను. ఆ రోజుల్లో అక్కడి కూలివాడికి వారం రోజుల జీతం కూడా అంత ఉండేది కాదు. అలాంటి తీగ మీద ‘మా గుర్రం జరిగింది’ అని కబుర్లు చెప్పుకుంటారా? ఒక్కో మాటా పిసినారిలా లెక్కపెట్టాలి.

1870లో బొంబాయికి సముద్రం కింది కేబుల్ వచ్చింది. ఇంగ్లండుకీ, మనకీ మధ్య ఉత్తరం వారాలు పట్టే చోట గంటల్లో కబురు అందడం మొదలైంది. ఆ తర్వాత పదేళ్ళకి, 1880లో, ఇంగ్లండులోని లివర్‌పూల్ చెస్ క్లబ్బూ, మన కలకత్తా క్లబ్బూ తంతి మీద ఆట పెట్టుకున్నాయి. 1881 దాకా ఆడారు. ఇవాళ్టి ప్రసంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. కాస్త లెక్కలున్నాయి, భయపడకండి. కాగితం పెన్సిలు ఉన్నవాళ్ళు తీయండి.

లివర్‌పూల్ తరఫున కబుర్ల పద్ధతి తయారుచేసింది విలియం వాట్సన్ రూథర్‌ఫర్డ్. లాయరు. తర్వాత పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యాడు. ఆయన ముందున్న చిక్కు ఇది. బ్రిటిష్ పోస్టాఫీసు అప్పట్లో తంతిలో అంకెలు, రహస్య సంకేతాలు ఒప్పుకునేది కాదు. మాటలు ఉండాలి. లాటిన్ మాటలు అయినా పరవాలేదు. మాటకి ఇంత అని రేటు. ఆడుతున్నది ఒకేసారి రెండు ఆటలు, ఒకదాంట్లో వీళ్ళు తెలుపు, ఇంకోదాంట్లో నలుపు. రెండు ఆటల ఎత్తులూ ఒకే ఒక్క మాటలో వెళ్ళాలి. అవుతుందా?

రూథర్‌ఫర్డ్ ఏమన్నాడంటే, గళ్ళ అంకెలు ఎందుకు? ఒక స్థితిలో చెల్లే ఎత్తులు ఎన్ని? ఆట మొదట్లో తెల్లవాడికి 20. మధ్యలో ముప్ఫై, నలభై. కాబట్టి రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే పద్ధతిలో, ఒకే వరసలో ఆ ఎత్తుల జాబితా రాసుకుంటారు. ‘నేను జాబితాలో ఏడోది ఆడాను’ అంటే చాలు. మొదటి ఆటలో 7వ ఎత్తు. రెండో ఆటలో 12వ ఎత్తు అనుకుందాం. 7ని 60తో గుణించండి. 420. దానికి 12 కలపండి. 432. ముందు సున్నా పెడితే 0432. నాలుగంకెలు. రెండు ఆటలూ అందులో ఉన్నాయి!

అవతలివాడు దీన్ని ఎలా విప్పుతాడు? 432ని 60తో భాగించు. ఎన్ని? ఏడు. శేషం? 12. అంతే.

మరి అంకెలు పంపకూడదు కదా? దానికి ఆయన వేసిన ఉపాయం వింటే తెలుగువాళ్ళం మనం ముచ్చటపడాలి. 40 లాటిన్ ధాతువులు తీసుకున్నాడు, 00 నుంచి 39 దాకా. మొదటి రెండు అంకెలకి ధాతువు. మూడో అంకెకి ధాతువు ముందు చేరే పది ఉపసర్గల్లో ఒకటి. నాలుగో అంకెకి చివర చేరే పది ప్రత్యయాల్లో ఒకటి. మూడూ అతికిస్తే ఒక మాట. మన బడిలో సంస్కృతం చెప్పే మాస్టార్లు ‘హార’ అనే మాటతో చెబుతారు చూడండి: ఆహారం, విహారం, ప్రహారం, సంహారం, పరిహారం. ముందు ఉపసర్గ మారితే మాట మారిపోతుంది. సరిగ్గా అదే పని. మనకి ఆ సంహారం, విహారం అర్థాల్లో తేడాలు. ఆయనకి అవి 3, 4, 5 అనే అంకెలు. 40 ధాతువులు, పది ఉపసర్గలు, పది ప్రత్యయాలు, మొత్తం 4,000 మాటలు. 60ని 60తో గుణిస్తే 3,600. సరిపోయింది, ఇంకా మిగిలింది.

నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఎందుకో చెబుతాను. మా శాఖలో శుభాకాంక్షల తంతులు ఉండేవి. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పెళ్ళికి, పండక్కి, పరీక్ష పాసైనందుకు, వాక్యాలు ముందే అచ్చువేసి ఉండేవి, ఒక్కో వాక్యానికీ ఒక అంకె. మీరు ఫారం మీద అంకె రాస్తే చాలు. మేం అంకె కొడతాం, అవతల ఆఫీసువాళ్ళు జాబితా చూసి వాక్యం మొత్తం రాసి అందిస్తారు. రెండు చివర్లా ఒకే జాబితా ఉంటే తీగ మీద వెళ్ళాల్సింది చాలా తక్కువ. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒకసారి అంకె తప్పుగా వెళ్ళి, బిడ్డ పుట్టిన ఇంటికి పెళ్ళి శుభాకాంక్షలు చేరాయి. ఆ ఇంటాయన వచ్చి బాధపడ్డాడు. ఎవరి చేతిలో జరిగిందో తేలలేదు గానీ, ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఒక్క అంకె!

రూథర్‌ఫర్డ్ పద్ధతిలో ఇంకో మంచి ఉంది. జాబితాలో ఉన్నవన్నీ చెల్లే ఎత్తులే. ఆ స్థితిలో 34 ఎత్తులే ఉంటే, తంతి విప్పినప్పుడు 51 వచ్చిందనుకోండి, ఎక్కడో తప్పు జరిగిందని వెంటనే తెలుస్తుంది. కష్టం కూడా ఉంది. జాబితా రాసేటప్పుడు ఒక ఎత్తు మరిచిపోతే దాని కింది అంకెలన్నీ ఒకటి జరిగిపోతాయి. ప్రతి ఎత్తుకీ అంత శ్రమ. తర్వాత అంకెలు, సంకేతాలు పంపచ్చని నిబంధన మారాక ఈ పద్ధతి పోయి, రష్యాకి చెందిన గ్రింగ్మూత్ పద్ధతి వచ్చింది. ప్రతి గడికీ రెండక్షరాల పేరు. బయల్దేరిన గడి రెండక్షరాలు, చేరిన గడి రెండక్షరాలు, మొత్తం నాలుగక్షరాల మాట. సులువు. దీన్ని ఊడమన్ కోడ్ అని కూడా అంటారు, కానీ చేసిందాయన గ్రింగ్మూత్. పేరు ఒకరికీ పని ఇంకొకరికీ పోవడం నాకు నచ్చదు కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు మీ అందరికీ నచ్చే ఆట. 1890 అక్టోబరు. అప్పటి ప్రపంచ విజేత స్టైనిట్జ్ న్యూయార్క్‌లో ఉన్నాడు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చిగోరిన్. స్టైనిట్జ్ తన పుస్తకంలో కొన్ని ఎత్తులు మంచివని రాశాడు. చిగోరిన్ కాదన్నాడు. వాదన తేల్చుకోవడానికి తంతి మీద రెండు ఆటలు పెట్టుకున్నారు. ఒకదాంట్లో ఈవాన్స్ గాంబిట్, ఇంకోదాంట్లో రెండు గుర్రాల డిఫెన్స్. ఇందాక 22, 24 అన్నాను గుర్తుందా? రెండో ఆటలో తొమ్మిదో ఎత్తు దగ్గర స్టైనిట్జ్ గుర్రం 39లో ఉంది, దాని మీదికి బంటు వచ్చింది. వెనక్కి రావాలి. లోకమంతా ఆడేది 22కి. స్టైనిట్జ్ అన్నది 24కి. అంచుకి! పుస్తకంలో అదే రాశాడు, తీగ మీదా అదే పంపాడు. మన అంకెల్లో చెబితే 39, 24. ఆ తీగ కొట్టినవాడికి చదరంగం తెలిసి ఉంటే తప్పు పడిందేమో అనుకుని ఉంటాడు.

1891 ఏప్రిల్‌కి రెండు ఆటలూ చిగోరిన్ గెలిచాడు. ఆ మధ్యలోనే స్టైనిట్జ్ న్యూయార్క్‌లో గున్స్‌బర్గ్‌తో ప్రపంచ టైటిల్ పోటీ కూడా ఆడి నెగ్గాడు. 1892లో స్టైనిట్జ్, చిగోరిన్ హవానాలో ఎదురెదురుగా కూర్చున్నారు. చివరి ఆటలో గెలిచే స్థితిలో ఉన్న చిగోరిన్, కాపలాగా ఉన్న శకటుని ఒక్క క్షణం పరాకులో కదిపి, రెండు ఎత్తుల్లో ఆట కట్టించుకున్నాడు. టైటిల్ స్టైనిట్జ్ దగ్గరే ఉండిపోయింది. తీగ మీద అయితే ఆలోచించుకోవడానికి రోజులు ఉండేవి. ఎదురుగా కూర్చుంటే ఆ టెన్షన్ వేరు. చిగోరిన్‌ని తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. ఇక ఆ అంచు గుర్రం సంగతి, 1963లో అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ అదే ఎత్తు మళ్ళీ ఆడి గెలిచాడు.

1896 నుంచి బ్రిటన్‌కీ అమెరికాకీ ఏటా కేబుల్ మీద జట్ల పోటీలు. సర్ జార్జ్ న్యూన్స్ కప్పు ఇచ్చాడు. మొదటి ఏడాది ఎనిమిది బల్లలు, అమెరికా నాలుగున్నర – మూడున్నరతో గెలిచింది. తర్వాత పది బల్లలు. ఒక హాలులో పది బల్లలు, అటు వైపు కుర్చీలో అసలు ఆటగాడు లేడు, వచ్చిన కబురు చూసి పావు జరిపే సహాయకుడు ఉన్నాడు. అసలు మనిషి మూడు వేల మైళ్ళ అవతల. కుర్రాళ్ళు చీటీలు పట్టుకుని బల్లల దగ్గర్నుంచి తంతి యంత్రం దగ్గరికి పరుగు. మళ్ళీ పరుగెత్తే మనుషులే, చూశారా! 1911 దాకా మధ్యలో కొన్నేళ్ళు తప్ప ఆడారు. 13 పోటీలు, చెరి ఆరు, ఒకటి సమానం. చివరి మూడూ వరసగా గెలిచి కప్పు బ్రిటన్ ఉంచేసుకుంది. 1897లో అయితే బ్రిటిష్ కామన్స్ సభ సభ్యులూ, అమెరికా ప్రతినిధుల సభ సభ్యులూ ఐదు బల్లల మీద ఆడారు. రెండున్నర – రెండున్నర.

తర్వాత రేడియో వచ్చింది. 1945 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ అమెరికాని రేడియో మీద 15½ – 4½తో ఓడించింది. అందులో పంపింది నాలుగక్షరాల మాటలే, గ్రింగ్మూత్ పద్ధతే. 1965లో ఫిషర్‌ని క్యూబా వెళ్ళనివ్వలేదు. న్యూయార్క్‌లో మార్షల్ క్లబ్బులో కూర్చుని టెలిటైప్ మీద, అంటే ఇక్కడ టైపు కొడితే అక్కడ అచ్చయ్యే యంత్రం మీద, హవానా టోర్నమెంటు మొత్తం ఆడాడు. హవానాలో ఆయన బల్ల దగ్గర పావులు జరిపింది క్యూబాకి చెందిన పాత ప్రపంచ విజేత కాపబ్లాంకా కొడుకు. ఒక్కో ఎత్తుకీ అటూ ఇటూ కబురు నడవాలి, ఆటలు గంటలు గంటలు సాగేవి. అయినా అర పాయింటు తేడాతో రెండో స్థానం పంచుకున్నాడు.

సరే. చాలాసేపు మాట్లాడాను. ఇక ఈ పరికరం. ఇది మోర్స్ కీ, నేను పని నేర్చుకున్న రకం. వైరు అదిగో, కిటికీలోంచి పక్క పత్రికల గదిలోకి వెళ్ళింది. అక్కడ నా పాత సహోద్యోగి సౌండరు, అంటే ఇక్కడ కొట్టింది అక్కడ టకటక వినిపించే పరికరం, పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ముందు ఒక బల్ల, పేర్చిన పావులు. ఇక్కడ ఒక బల్ల. సగం మంది పిల్లలు ఆ గదిలోకి వెళ్ళండి. అక్కడివాళ్ళకి నల్లపావులు. ఇటువాళ్ళకి తెల్లపావులు. సెల్‌ఫోన్లు పెద్దవాళ్ళకి ఇచ్చేయండి. కేకలు వేయకూడదు, తలుపులు మూస్తున్నాం.

ఎర్ర గౌను పాపా, నువ్వు రామ్మా. మొదటి ఎత్తు నీది. గళ్ళు లెక్కపెట్టుకుని చీటీ మీద రాయి. తొందరేం లేదు. రాశావా? ఏదీ... 12, 28. మంత్రి ముందు బంటు. సరే, అందరూ చప్పుడు చేయకండి, కొడుతున్నాను.